డాలు లేని కొట్టు

తటవర్తి గవర్రాజుకి ప్రభుత్వం మీద కోపం లేదు, భక్తీ లేదు. గొడుగులమ్మేవాడికి వానాకాలం మీద ఎలాంటి అభిప్రాయం ఉంటుందో ఆయనకి ప్రభుత్వం మీద అదే ఉండేది. వచ్చేది ఎలాగూ వస్తుంది. ఆ చినుకుల్లో ఏది అమ్ముడుపోతుందో చూసుకోవడమే మనిషి పని.

తుమ్మలగట్టు పెద్దబజారు మలుపులో ఆయనది స్టీలు సామాన్ల కొట్టు. తండ్రి హయాంలో ఇత్తడి అమ్మారు, ఆయన హయాంలో స్టీలు వచ్చింది. సరుకు మారింది గాని మలుపు మారలేదు. స్థలం మునిసిపాలిటీది కాబట్టి ఏటేటా లైసెన్సు తిరగరాయించుకోవాలి. "నా ఆస్తి గిన్నెలు కాదండి, మలుపు. గిన్నెలు ఎక్కడైనా దొరుకుతాయి. రెండు వీధుల జనం ఒకేసారి మొహం తిప్పి చూసే చోటు ఈ ఊళ్ళో ఇంకోటి లేదు," అనేవాడు. కొట్టు అరుగు మీద సూరయ్య అని ఒక ముసలాయన చిన్న మిషను పెట్టుకుని గిన్నెల మీద పేర్లు కొట్టేవాడు. పేరు కొట్టని గిన్నె ఆ ఊళ్ళో ఏ ఇంటికీ చెందదు. భోజనాలకి వెళ్ళిన గిన్నె ఇల్లు చేరాలంటే దాని వీపు మీద యజమాని పేరుండాలి.

మాఘమాసం పెళ్ళిళ్ళు ఇంకా రెండు నెలలున్నాయనగా, మునిసిపాలిటీ సూపరింటెండెంటు దైవసహాయం గారు స్వయంగా కొట్టుకొచ్చి ఒక నోటీసు ఇచ్చారు. నోటీసు ఇవ్వడానికి బంట్రోతు వస్తాడు. సూపరింటెండెంటు వచ్చాడంటే విషయం ఆయనకే నమ్మకం లేనిదన్నమాట.

"చదవండి మీరే," అన్నాడు గవర్రాజు, కుర్చీ జరిపి.

దైవసహాయం గారు గొంతు సవరించుకున్నారు. "పౌర లాంఛన నియమావళి. ప్రతి లైసెన్సుదారుడును తన వ్యక్తిత్వమును ప్రతిబింబించు ఒక మృగమును, ఒక ఆయుధమును, ఒక వర్ణమును ఎంచుకొని, పద్నాలుగు అంగుళముల వృత్తాకార లోహపు డాలుపై చిత్రింపజేసి, ముప్పది దినములలో దుకాణ ముఖద్వారమున వేలాడదీయవలెను. లాంఛనము లేని దుకాణమునకు లైసెన్సు పునరుద్ధరింపబడదు."

పక్క చెప్పుల కొట్టు షేక్ బాజీ అప్పటికే గడప మీద నిలబడి వింటున్నాడు. "మృగం ఏంటి సార్? మేం మనుషులం కదా?"

"అది మీరు రుజువు చేసుకోనక్కర్లేదు బాజీ. మృగం ఒకటి చాలు."

అసలు సంగతి ఏమిటంటే, ఊరికి కొత్తగా వచ్చిన స్పెషలాఫీసరు గారు పౌర ఉత్సాహ నిర్వహణ అనే అంశం మీద మూడు రోజుల శిక్షణకి రాజధాని వెళ్ళొచ్చారు. అక్కడ పెద్ద పెద్ద ఆఫీసర్లందరినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టి, ఇరవై ముఖాల పాచిక ఒకటి చేతికిచ్చి, నువ్వు ఖడ్గధారివి, నువ్వు మాంత్రికుడివి, ఎదురుగా గుహలో నిప్పులు కక్కే రెక్కల పాముంది, ఇక ఆడండి అన్నారట. పద్నాలుగేళ్ళుగా కుళాయి కనెక్షన్లూ మురిక్కాలవలూ తప్ప ఇంకేమీ ఎరగని మన ఆఫీసరు గారు రెండో రోజు సాయంత్రానికి ఆ పాముని చంపేశారు. ఎవరి సంతకమూ లేకుండా ఒక పని పూర్తికావడం ఆయన సర్వీసులో అదే మొదటిసారి. ఆ ఆనందం తట్టుకోలేక, ఆటలో తన డాలు మీద గీసుకున్న బొమ్మని తెచ్చి ఆఫీసు గోడ మీద నిలువెత్తున వేయించారు. రెండు తలల గండభేరుండం. ఒక తల నీలిమంట కక్కుతుంది, రెండో తల నోట్లో ఫైలుంటుంది.

"పూర్వం మన రాజులకు వరాహ లాంఛనముండెడిది. పన్ను కట్టు పౌరునికి ఏల ఉండరాదు?" అని ఆయన కౌన్సిలు హాల్లో అడిగారట. పన్ను కట్టే పౌరుడెవరూ అక్కడ లేకపోవడంతో ఎవరూ జవాబు చెప్పలేదు. మౌనాన్ని ఏకగ్రీవ ఆమోదంగా రాసుకున్నారు.

దైవసహాయం గారు వెళ్ళాక బాజీ తల పట్టుకుని కూర్చున్నాడు. "బావా, ఇదేం ఖర్మ?" గవర్రాజుని ఆయన బావా అనే పిలుస్తాడు. ముప్ఫై ఏళ్ళు ఒకే గోడ పంచుకున్నాక వరస కలవకుండా ఎలా ఉంటుంది?

గవర్రాజు తల ఎత్తి పైకి చూశాడు. ఆయన కళ్ళు పైఅరలో బోర్లించి ఉన్న భోజనపు పళ్ళేల మీద ఉన్నాయి. లేచి కొలబద్ద తెచ్చి ఒక పళ్ళెం అడ్డంగా కొలిచాడు. సరిగ్గా పద్నాలుగంగుళాలు.

"బాజీ, డాలు డాలంటే ఏదో అనుకున్నాను. ఇది మన కంచమేరా," అన్నాడు.

మర్నాటినుంచి ఆ కొట్టు ముందు వరసలు కట్టారు. పళ్ళెం గవర్రాజుది, బొమ్మ సూరయ్యది. అయితే సూరయ్య మిషను చుక్కలు పెట్టుకుంటూ పోయేది. నలభై ఏళ్ళలో ఆ మిషను అక్షరాలే తప్ప జంతువుని కొట్టి ఎరగదు. సింహం కొట్టమంటే పిల్లి వచ్చేది. గుర్రం కొట్టమంటే పొడుగు మొహం పిల్లి వచ్చేది. బాజీకి తాబేలు వచ్చింది.

"ఇది తాబేలా, కాళ్ళొచ్చిన బూరెనా?"

"బోర్లించిన గిన్నెకి నాలుగు కాళ్ళెట్టాను బాబూ. దేవుడూ అంతకంటే ఏం చేశాడు?" అన్నాడు సూరయ్య. పైగా చేతి అలవాటు. పళ్ళెం కనిపిస్తే చాలు, అడుగున తారీఖు వేసి 'వివాహ సందర్భముగా బహూకరణ' అని కొట్టేవాడు. బజారులో సగం డాళ్ళు పెళ్ళి కానుకల్లా వేలాడాయి. అడిగితే, "చెరిపితే స్టీలు గీరుకుపోద్ది బాబూ, ఉండనీండి. శుభమే కదా," అనేవాడు.

బజారు జనం తాబేలు, పిల్లి దగ్గర ఆగలేదు. దరఖాస్తులో వర్గము అని ఒక గడి ఉంది. యోధుడు, మాంత్రికుడు, విలుకాడు, వైద్యుడు, దొంగ. వీటిలో ఒకటి ఎంచుకోవాలి. ఒక్కో వర్గానికి ఒక్కో పౌర సౌకర్యం. యోధుడికి నీళ్ళ ట్యాంకరు దగ్గర ముందు వరస. మాంత్రికుడికి ఆఫీసులో మాయమైన ఫైలు వెతికించుకునే హక్కు. దొంగకి చడీచప్పుడు లేని సంచారం కింద, బండి ఎక్కడైనా నిలుపుకునే వీలు.

"ఏది రాయమంటావు గవర్రాజన్నా?" అని అందరూ ఆయన్నే అడిగారు. బజారులో లెక్క తేల్చేవాడు ఆయనే.

"అందులో సిగ్గుపడ్డానికేముందయ్యా? పేరు చూడకండి, సౌకర్యం చూడండి. పేరుదేముంది, ఎవరి పేరైనా సూరయ్య కొట్టేదే."

ఆ సలహా బజారంతా పాకింది. కొట్టు ముందు కారు నిలుపుకోడానికి చోటు లేక ఏడేళ్ళుగా బాధపడుతున్న బంగారం కొట్టు శేషగిరి వెంటనే 'దొంగ' అని రాసిచ్చాడు. 'దొంగ, మూడో స్థాయి' అని డాలు వేలాడేసిన రోజునుంచి ఆ కొట్టుకి గిరాకీ పెరిగింది. ఇన్నాళ్ళకి ఒకడు ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాడని జనానికి నమ్మకం కుదిరింది. మిఠాయి కొట్టువాడు మాంత్రికుడయ్యాడు. టైలరు విలుకాడయ్యాడు. ఒక మృగాన్ని ఇద్దరు వాడకూడదన్న నిబంధన వల్ల ఆలస్యంగా వెళ్ళిన టైలరుకి దోమ మిగిలింది. దోమ శాఖాపరంగా శత్రువని శానిటరీ ఇన్స్పెక్టరు అభ్యంతరం పెట్టాడు. పదకొండు రోజులు ఉత్తరప్రత్యుత్తరాలు నడిచాక దోమని 'లొంగిపోయిన శత్రువు'గా ఆమోదించారు.

ముప్ఫయ్యో రోజు పొద్దున్నకి గవర్రాజు కొట్టులో పద్నాలుగంగుళాల పళ్ళెం అన్నది లేదు. తనకోసమని అర వెనకాల ఒకటి దాచుకున్న మాట నిజమే. కాని అంతకుముందు రోజు హోమియో డాక్టరు చెమటలు కక్కుకుంటూ వచ్చి అడిగాడు. ఎదటివాడి తొందర చూశాక కూడా సరుకు లోపల పెట్టుకోవడం గవర్రాజు వంశంలో లేదు. ఇచ్చేశాడు.

దాంతో ఆయన పెద్ద గుండిగ మూత ఒకటి చంకన పెట్టుకుని లాంఛన విభాగానికి వెళ్ళాడు. ఇదివరకు ఆ గదిలో జనన మరణాలు రాసేవారు. ఇప్పుడు జనన మరణాలు వరండాలోకి వెళ్ళాయి.

దైవసహాయం గారు మూత అటూ ఇటూ తిప్పి చూశారు. "దీనికి పిడి ఉందండీ నడిమధ్యన."

"డాలుకీ పిడుంటుంది కదండీ."

"డాలుకి లోపలుంటుంది. దీనికి బయటుంది. శత్రువు పట్టుకుంటాడు." ఆయన మొహంలో నవ్వు లేదు. నెల రోజులుగా అదే పని చేస్తే ఎవరి మొహంలోనూ ఉండదు. "సరే, ముందు వర్గం చెప్పండి. ఏం రాయమంటారు?"

గవర్రాజు సౌకర్యాలన్నీ ఒకసారి మనసులో తిప్పుకున్నాడు. నీళ్ళకి ఇంట్లో బావి ఉంది. ఫైలు ఇంకా మాయం కాలేదు. ఆయనకి బండి లేదు. అక్కర్లేనిది ఉచితమైనా కొననివాడు. "నేను వ్యాపారినండీ. అదే రాసేయండి," అన్నాడు.

దైవసహాయం గారు కలం కింద పెట్టారు. "ఆ వర్గం లేదండీ. ఆటలో వ్యాపారికి డాలుండదు. హీరోలు ఊరూరా తిరుగుతారు. వ్యాపారి ఒకే చోట నిలబడి ఉంటాడు. వాళ్ళొచ్చి కత్తి కొనుక్కుంటారు, మందు కొనుక్కుంటారు, పోతారు. వాడికి స్థాయి లేదు, లాంఛనం లేదు. స్థిర పాత్ర అంటారు వాణ్ణి."

"మరి వ్యాపారం లైసెన్సుకి లాంఛనం ఉండాలన్నారు కదండీ?"

"ఉండాలండీ."

"లాంఛనం కావాలంటే వ్యాపారి కాకూడదు."

"కాకూడదండీ."

"అప్పుడు లైసెన్సు ఎవరికిస్తారు?"

దైవసహాయం గారు కిటికీలోంచి బయటికి చూశారు. "ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదండీ. అందరూ హాయిగా దొంగలని రాసుకుని వెళ్ళిపోయారు." చివరికి, వేళ మించిపోతోందని ఆయన ఒక కొత్త పుస్తకం తెరిచి మొదటి పేజీలో 'స్థిర పాత్ర: ఒకటి' అని రాసి, మూత వెనక్కి ఇచ్చేశారు. ఇలాంటివాడు ఒకడే ఉంటాడని ఆయన అనుకోలేదు.

వారం తిరక్కుండానే స్పెషలాఫీసరు గారు లెక్కలు తెప్పించుకున్నారు. తుమ్మలగట్టులో యోధులు రెండు వందల పన్నెండు, దొంగలు నూట నలభై ఒకటి, మాంత్రికులు తొంభై ఆరు, మిగతావాళ్ళు విలుకాండ్రు, వైద్యులు. వ్యాపారులు సున్న. ఆ కాగితాన్ని ఆయన ఆనందంగా పైకి పంపి, కిందికి ఇలా ఉత్తర్వు ఇచ్చారు: "ఈ పట్టణమున వ్యాపారులు లేనందున బజారు అనునది నిరర్థక ప్రదేశముగా తేలినది. సదరు స్థలమును వీరుల విన్యాస మైదానముగా అభివృద్ధి పరచుటకు నిర్ణయమైనది. యోధులు, దొంగలు తదితరులు వర్తకము సాగించుట వర్గధర్మ విరుద్ధము."

మర్నాడు కొట్లన్నిటికీ తాళాలు పడ్డాయి. వీధి చివర పసుపుపచ్చ యంత్రం ఒకటి వచ్చి, ఇనప చెయ్యి ముడుచుకుని నిలబడింది.

బజారంతా డాళ్ళు చేతబట్టుకుని ఆఫీసు మీదికి వెళ్ళారు. డాళ్ళు పట్టుకెళ్ళడం పొరపాటు. ఆఫీసరు గారికి కళ్ళు చెమర్చాయి. "ఇంతటి వీరులను నా సర్వీసులో చూడలేదు," అన్నారు.

"మేం వీరులం కాదు సార్, చెప్పులమ్ముకునేవాళ్ళం," అన్నాడు బాజీ. "మళ్ళీ వ్యాపారులుగా మార్చేయండి."

"వర్గము మార్చుట సాధ్యమే. అయితే నియమము ప్రకారము పాత పాత్ర మరణించి, కొత్త పాత్ర జన్మించవలెను. సంబంధిత ధ్రువపత్రములు జతపరచుడు."

బాజీ ఆ మాట పట్టుకున్నాడు. వరండాలో జనన మరణాల గుమాస్తా దగ్గర తన మరణ ధ్రువపత్రానికి తనే దరఖాస్తు పెట్టాడు. శవాన్ని చూసిన సాక్షులు ఇద్దరు కావాలంటే గవర్రాజునీ, సూరయ్యనీ తీసుకెళ్ళాడు. "చూశారా?" అని గుమాస్తా అడిగితే "ఎదురుగానే ఉన్నాడు కదండీ," అన్నాడు సూరయ్య నిజాయితీగా. మరణం మంజూరైంది. జననం దగ్గర మాత్రం ఆసుపత్రి కాగితం కావాలన్నారు, తల్లి సంతకం కావాలన్నారు. బాజీ తల్లి పోయి పదేళ్ళయింది. చచ్చిపోయి, పుట్టకుండా, బాజీ ఇంటికొచ్చాడు. ఆ నెల అతని ఇంటికి రేషను తగ్గింది.

కొట్లన్నీ మూసినా మలుపు కొట్టు తెరిచే ఉంది. కూల్చడానికొచ్చిన వాళ్ళని ఆఫీసరు గారే ఆపారు. "స్థిర పాత్రపై ఖడ్గమెత్తరాదు. అది ఆట ధర్మము," అన్నారు. కొట్టు చుట్టూ ఎర్ర తాడు కట్టించారు. ఊరు మొత్తానికి ఒక్క కొట్టు.

మొదటి నాలుగు రోజులూ గవర్రాజు జీవితంలోకెల్లా మంచి రోజులు. ఇడ్లీ పాత్రల మధ్య బాజీ చెప్పులు, టిఫిను క్యారేజీల్లో శేషగిరి ఉంగరాలు, బిందెల్లో మిఠాయి కొట్టువాడి కారప్పూస, గరిటెల కొక్కేలకి టైలరు కుట్టిన జాకెట్లు. అందరి సరుకూ ఆయన దగ్గరే అమ్ముడుపోయేది. ఎవరి వాటా వాళ్ళకి పొద్దుపోకముందే ఇచ్చేసేవాడు. "బావా, నువ్వు లేకపోతే నిజంగానే చచ్చేవాణ్ణి," అన్నాడు బాజీ.

"ఊరుకోరా, చచ్చినవాడివి ఎక్కువ మాట్లాడకు."

ఐదో రోజున ఆ ఉత్తర్వుకి అనుబంధం వచ్చింది. దానితోపాటు ప్రసన్న అనే కుర్ర పర్యవేక్షకుడు, ప్లాస్టిక్ కుర్చీ, హాజరు పుస్తకం కూడా వచ్చాయి. దైవసహాయం గారు చదివి వినిపించి, కింద గవర్రాజు చేత సంతకం పెట్టించుకున్నారు. ఒకటి, స్థిర పాత్రకి పేరుండదు. రెండు, ప్రొద్దుననుండి సాయంత్రము వరకు కొట్టు మూయరాదు, ఆ సేపంతయు స్థానంలో స్థిర పాత్ర ఉండవలెను, పావుగంట ఖాళీ అయినచో స్థలము మైదానములో కలుపబడును. మూడు, సదరు స్థిర పాత్ర బేరమాడరాదు. నాలుగు, సదరు స్థిర పాత్ర ఈ దిగువ మూడు వాక్యములు మాత్రమే పలుకవలెను.

స్వాగతము వీరా, ఏమి కావలెను?

ఇది మేలైన ఉక్కు.

మార్గము భద్రమగు గాక.

"ఇదేంటండీ? నోరు లేకుండా కొట్టెలా నడుపుతాను?"

ప్రసన్న కుర్చీలోంచి లేవకుండానే, "అది నాలుగో వాక్యమండీ. ఇంకోటి మాట్లాడితే రాసుకోవాలి," అన్నాడు మర్యాదగా.

గవర్రాజు మలుపు వంక చూశాడు. వీధి చివర యంత్రం వంక చూశాడు. నోరు మూసుకున్నాడు.

మొదటి రోజే పొరుగూరినుంచి ఒక పెద్దావిడ కూతురి పెళ్ళికి సామాను కొనడానికి వచ్చింది. బిందె ఎత్తి, వేలితో కొట్టి మోత విని, "ఎంతకిస్తావు నాయనా?" అంది.

గవర్రాజు నాలుక మీద సగం ధర పెంచడానికీ, సగం దించడానికీ, మధ్యలో ఆవిడ ఊరి కబుర్లు అడగడానికీ వందేళ్ళ విద్య ఉంది. "ఇది మేలైన ఉక్కు," అన్నాడు.

"మేలైందో కాదో నాకు తెలుసు. రేటు చెప్పు. పది సామాన్లు తీసుకుంటాను, ఒక చెంబు కొసరు పడెయ్యి."

ఆయన ప్రసన్న వంక చూశాడు. ప్రసన్న కలం మూత తీశాడు. "ఇది మేలైన ఉక్కు," అన్నాడు గవర్రాజు మళ్ళీ, కళ్ళతో ఏదో చెప్పబోతూ.

ఆవిడకి ఒళ్ళు మండింది. "ఆహా! ఊళ్ళో ఒక్క కొట్టే మిగిలేసరికి నీకు మాట బరువైందా? ఆడపిల్ల పెళ్ళికొచ్చినదాన్ని, ఇంత అమర్యాదా?" బిందె ఠంగున పెట్టి వెళ్ళిపోయింది.

"మార్గము భద్రమగు గాక," అన్నాడు గవర్రాజు ఆవిడ వీపుతో. ఆ మాట నోట్లో అలుకుగుడ్డలా తగిలింది.

బేరం లేకుండా వస్తువు పోతే అది అమ్మకమా? ఆ చుట్టుపక్కల జనం బేరం ఆడకుండా కొన్న గిన్నెలో పాలు కాచరు, విరిగిపోతాయని నమ్మకం. నాలుగు రోజుల్లో గిరాకీ సగానికి పడిపోయింది. చుట్టూ తాడు, లోపల మూడు వాక్యాలు, ఎదురుగా కుర్చీలో ప్రసన్న. మలుపు నిలిచింది గాని మనిషి నలిగిపోయాడు.

పదో రోజు పదకొండు గంటలకి భార్య అచ్చియ్యమ్మ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది. "ఏవండోయ్, భానుకి నొప్పులొచ్చేశాయి! గవర్నమెంటాసుపత్రిలో చేర్చాను. డాక్టరమ్మ ఇంటి మగాణ్ణి తీసుకురమ్మంది, సంతకానికి. లేవండి!"

భానుమతి వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. అల్లుడు లారీ మీద ఎక్కడో ఉన్నాడు. గవర్రాజు లేచి నిలబడ్డాడు. ప్రసన్న చేతి గడియారం వంక చూసి, యంత్రం డ్రైవరు వంక చూశాడు. డ్రైవరు బీడీ పారేశాడు.

గవర్రాజు కూర్చున్నాడు. "స్వాగతము వీరా," అన్నాడు. "ఏమి కావలెను?"

అచ్చియ్యమ్మ నిర్ఘాంతపోయింది. "ఏం కావాలా? మీకు మతి పోయిందా? కన్నకూతురు పురిటి నొప్పులు పడుతోంటే..."

"ఇది మేలైన ఉక్కు," అన్నాడాయన, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ.

ఆవిడ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. ముప్ఫై రెండేళ్ళు కాపరం చేసింది కాబట్టి మాట వదిలేసి మనిషిని చదువుకుంది. ప్రసన్న వైపు తిరిగింది. "ఏం నాయనా, ఏంటిది?"

ప్రసన్న అనుబంధం విప్పి చదివాడు. అతను చెడ్డవాడేమీ కాదు, పొరుగుసేవల ఉద్యోగి. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అతనికే తెలియదు.

"ఈ కుర్చీలో కూర్చోవాల్సింది ఈయనేనా? లేక మనిషెవరైనా సరేనా?" అని అడిగింది అచ్చియ్యమ్మ.

"స్థానంలో స్థిర పాత్ర ఉండాలని ఉందండమ్మా."

"పేరుందా అందులో?"

ప్రసన్న రెండో పేజీ తిప్పాడు. "స్థిర పాత్రకి పేరుండదని ఉందండి."

"మరి ఇంకేం? మీరు లేవండి." ఆవిడ కొంగు నడుముకి దోపి, తాడు దాటి లోపలికొచ్చి, భర్తని చెయ్యి పట్టుకుని లేపి తను కూర్చుంది. "వెళ్ళండి, నా చెప్పులు ఆసుపత్రి గుమ్మంలో ఉన్నాయి, అవీ చూసుకోండి."

గవర్రాజు పరిగెత్తాడు.

ప్రసన్న హాజరు పుస్తకంలో 'స్థిర పాత్ర యథాస్థానమున ఉన్నది' అని రాసుకున్నాడు. రాసిన వెంటనే అతనికి చిక్కు తెలిసింది, ఎందుకంటే అచ్చియ్యమ్మ అప్పటికే మాట్లాడుతోంది. కొనడానికొచ్చిన ఒకామెతో, ఆ ఊరి సంబంధాల దగ్గర మొదలుపెట్టి, వాళ్ళ అత్తగారి మోకాళ్ళ మీదుగా, గంగాళం రేటు దాకా వచ్చింది. ప్రసన్న దైవసహాయం గారికి ఫోను చేశాడు.

దైవసహాయం గారు కాసేపు కాగితాలు తిరగేశారు. "సదరు స్థిర పాత్ర బేరమాడకూడదు, మూడు వాక్యాలే పలకాలి అని ఉంది. సదరు అంటే సంతకం పెట్టినవాడు. ఈవిడ పెట్టలేదు కదా? ఈవిడకి కొత్తగా అనుబంధం జారీ చెయ్యాలంటే ఫైలు పైకెళ్ళి రావాలి. నలభై రోజులు. అంతవరకూ..." ఫోనులో చాలా రోజుల తరవాత ఆయన నవ్వు వినిపించింది. "అంతవరకూ మాట్లాడుకోనివ్వు."

మధ్యాహ్నం మూడింటికి గవర్రాజు తిరిగొచ్చాడు. చెమట, వెలుగు, రెండూ ఉన్నాయి మొహంలో. చేతిలో భార్య చెప్పులు. మలుపు తిరిగేసరికి కొట్టు కనబడలేదు, జనం కనబడ్డారు. బాజీ, శేషగిరి, పొరుగూరి పెద్దావిడ, ఊళ్ళో సగం మంది తాడు చుట్టూ మూగి ఉన్నారు. ఆయన తాడు ఎత్తి లోపలికి దూరబోయాడు.

"వర్గమేంటండీ?" అని అడ్డం నిలబడ్డాడు ప్రసన్న, బాధగా.

"నేనయ్యా! ఈ కొట్టు వాణ్ణి!"

"కొట్టు స్థిర పాత్ర లోపలుందండీ. పుస్తకంలో ఒకటే ఉండాలి. మీకు డాలు లేదు, కాబట్టి వీరులు కారు. స్థానంలో లేరు, కాబట్టి స్థిర పాత్రా కారు. మీరేంటో నాకు అర్థం కావట్లేదండి. మామూలు కొనేవాళ్ళయితే వరసలో రండి."

గవర్రాజు తల ఎత్తి లోపలికి చూశాడు. అచ్చియ్యమ్మ ఆయన కుర్చీలో కాలు మీద కాలేసుకుని, ఆరేళ్ళుగా ఎవరూ ముట్టని సొట్ట గుండిగని పొరుగూరి పెద్దావిడకి అంటగడుతోంది. "సొట్ట కాదు వదినా, పట్టు దొరకడానికి కంపెనీవాడే పెట్టాడు," అంటోంది. ఆవిడ నమ్మడం లేదు, కాని నవ్వుతోంది, పోవడం లేదు.

"అచ్చియ్యా!" అని అక్కణ్ణుంచే కేకేశాడు. ఆవిడ తల ఎత్తింది. జనం తిరిగి చూశారు. "ఆడపిల్ల! ఇద్దరూ క్షేమం!"

అచ్చియ్యమ్మ రెండు చేతులూ జోడించి కళ్ళకద్దుకుంది. బాజీ, చచ్చిపోయినవాడైనా, గట్టిగా చప్పట్లు కొట్టాడు. శేషగిరి అందరికీ కారప్పూస పంచమన్నాడు. పెద్దావిడ, "ఆడపిల్ల పుట్టింది కదా, ఇంకో పాతిక తగ్గించు," అంది.

"మనవరాలి పేరు మీద చెంబు ఇస్తాను గాని పాతిక తగ్గించను," అంది అచ్చియ్యమ్మ కళ్ళు తుడుచుకుంటూనే. ఆ తరవాత భర్త వంక చూసి గొంతు పెంచింది. "మీరు అలా నిలబడిపోకండి. వెనకాలెళ్ళి వరసలో నిలబడండి. మీ ముందు తొమ్మిదిమందున్నారు. సాయంత్రం కొట్టు మూశాక నేను పిల్లని చూసొస్తాను."

గవర్రాజు వెనక్కి వెళ్ళి పదోవాడిగా నిలబడ్డాడు. తన అలవాటు ప్రకారం మనసులో కూడాడు, తీసేశాడు. మలుపు ఉంది. మనవరాలు వచ్చింది. వీధి చివర డ్రైవరు యంత్రం మీద తువ్వాలు కప్పుకుని నిద్రపోతున్నాడు. అంతా లాభమే. తనని ఎటు వెయ్యాలో మాత్రం తేలలేదు.

ముందునుంచి బేరం వినిపిస్తోంది. పెద్దావిడ తిట్టింది, లేచింది, నాలుగడుగులు వేసింది, వెనక్కొచ్చి కూర్చుంది. అచ్చియ్యమ్మ ఒక్క రూపాయి కూడా దిగడం లేదు.

గవర్రాజు చంకలో చెప్పులు సర్దుకుని, వరసలో ఒక అడుగు ముందుకు జరిగాడు.